చక్కిలిగింత: మాట, స్పర్శ, నవ్వు

చక్కిలిగింత, చక్కిలిగిలి, గిలిగింత, కితకిత అనే మాటలు తెలుగువారి వాడుకలో ఇంచుమించు ఒకే అర్థంలో చెల్లుబాటవుతున్నా, వాటి వెనక ఉన్న శారీరక అనుభవం మాత్రం ఒక్కటి కాదు. మెడ మీద ఈక ఆనించినప్పుడు గానీ, పిక్క మీద చీమ పాకినప్పుడు గానీ పుట్టే గిలి ఒక రకం; డొక్కలోనో చంకలోనో ఎవరైనా వేళ్లు గుచ్చి ఆడించినప్పుడు, ఒళ్లు మెలికలు తిరిగిపోతూ, వద్దు వద్దంటూనే పగలబడి నవ్వే స్థితి మరొక రకం. మొదటిది కలిగినప్పుడు చేయి అప్రయత్నంగా ఆ చోటికి వెళ్లి తుడిచేస్తుంది, నవ్వు రాదు. రెండోది కలిగినప్పుడు నవ్వు తప్పదు, తుడిచినంత మాత్రాన అది పోదు. ఇంత తేడా ఉన్న రెండింటినీ నిఘంటువులు ఒకే ఆరోపం కింద చేర్చడం తెలుగుకు మాత్రమే చెందిన లోపం కాదు; లోకంలోని అనేక భాషలు అదే పని చేశాయి, శాస్త్రం కూడా పందొమ్మిదో శతాబ్దపు చివరిదాకా వాటికి వేరువేరు పేర్లు పెట్టలేదు.

తెలుగు మాటల నిర్మాణాన్ని కాస్త నిదానించి చూడాలి. గిలిగింత చివర వినిపించేది పులకింత, కవ్వింత, తుళ్లింత, కేరింత అనే మాటల చివర వినిపించేదే. శరీరం తనంతట తాను చలించే సందర్భాలకూ, ఒకరినొకరు ఆటపట్టించుకునే సందర్భాలకూ ఈ ‘ఇంత’ అలవాటుగా వచ్చి చేరుతుంది కాబట్టి, గిలిగింత ఆ బంధువర్గంలో ఇమిడిపోవడం సహజమే. చక్కిలిగింతలోని ‘చక్కిలి’ని చెక్కిలితో ముడిపెట్టాలన్న ఉబలాటం ఎవరికైనా కలుగుతుంది గాని, చెక్కిలి మీద చక్కిలిగింత పెట్టేవారు అరుదు, చంక, డొక్క, మెడ, అరికాలు దాని అసలు స్థావరాలు. చెవికి తోచిన పోలికనే వ్యుత్పత్తిగా స్థిరపరచడం మన భాషాచర్చల్లో పాత అలవాటు, దాన్ని ఇక్కడ పాటించనక్కరలేదు.

కితకిత సంగతి వేరు. ఒకే ముక్క రెండుసార్లు పలికే ఇటువంటి మాటలను తెలుగు వ్యాకర్తలు ధ్వన్యనుకరణాలుగా లెక్కించారు. గలగల, పటపట, జలజల అన్నప్పుడు అనుకరించడానికి నిజంగానే ఒక ధ్వని ఉంది. తళతళకూ మిలమిలకూ అనుకరించడానికి ధ్వని ఎక్కడిది? కితకితలోనూ చప్పుడేమీ లేదు. చూపుకూ స్పర్శకూ అందే అనుభవాన్ని నోటి కదలికలోకి మార్చి చెప్పే మాటలివి, వీటిని ధ్వన్యనుకరణాలు అనడం కంటే అనుభవానుకరణాలు అనడం సబబు. ఈ జాతి పదాలు ద్రావిడ భాషల్లోనూ, పొరుగునున్న ఆర్యభాషల్లోనూ ఒకే అచ్చులో పోసినట్టు విస్తారంగా ఉండడాన్ని మరే ఎమెనో 1969లో ప్రచురించిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో చూపించి, భారతదేశాన్ని ఒకే భాషామండలంగా పరిగణించడానికి ఇదొక ఆధారమని వాదించాడు. తెలుగు కితకిత, తమిళ కిచ్చుకిచ్చు, హిందీ గుద్‌గుదీ, బెంగాలీ కాతుకుతు వేరువేరు కుటుంబాల భాషల్లో పుట్టినా, జంటగా నడవడంలో ఒకే తీరున ఉన్నాయి. వేళ్లు చర్మం మీద ఒక్కసారి తాకి ఊరుకుంటే అది తాకిడే అవుతుంది, కితకిత కాదు. చిన్న తాకిడి వెంటవెంటనే మళ్లీ మళ్లీ పడాలి. జంట శబ్దం ఆ పునరావృత్తిని నాలుక మీద చేసి చూపుతుంది.

అచ్చుల విషయంలోనూ ఒక ధోరణి కనిపిస్తుంది. ఎడ్వర్డ్ సపీర్ 1929లో జరిపిన ఒక పరిశీలనలో, ‘మిల్’, ‘మల్’ అనే అర్థం లేని రెండు మాటలు చెప్పి, వీటిలో ఏది పెద్ద బల్ల, ఏది చిన్న బల్ల అని అడిగితే, అత్యధికులు ‘మల్’ను పెద్దదానికీ ‘మిల్’ను చిన్నదానికీ అంటగట్టారు. ఇకారం పలికేటప్పుడు నోటిలోని ఖాళీ ఇరుకవుతుంది, ధ్వని సన్నబడుతుంది. చిన్నవీ, చురుకైనవీ, వేగంగా కదిలేవీ అనే భావాలను ఆ సన్నదనం మోస్తుందని తర్వాతి భాషాశాస్త్రజ్ఞులు అనేక భాషల్లో గమనించారు. తెలుగు గిలి, మలయాళ ఇక్కిళి, జర్మన్ కిట్సెల్న్, లాటిన్ టిటిల్లారె, ఇంగ్లీష్ టికిల్ అన్నీ ఇకారం చుట్టూ తిరుగుతున్నాయి. అయితే దీన్ని సూత్రంగా మార్చే తొందర పనికిరాదు, ఎందుకంటే హిందీ మాట ఉకారంతో నడుస్తోంది, ప్రాచీన గ్రీకులో ఇదే అర్థమున్న గార్గలిజెయిన్ అకారాలతో గరగరలాడుతోంది, ఫ్రెంచివారి షతుయే ఏ పోలికకూ అందదు. మొగ్గు ఉంది, నియమం లేదు.

ఇంగ్లీషులో టికిల్ అనే మాట పద్నాలుగో శతాబ్దపు రచనల్లో కనిపిస్తుంది. సుతారంగా తాకడం అనే అర్థమున్న చిన్న క్రియకు పునరావృత్తిని సూచించే ప్రత్యయం చేరి అది ఏర్పడిందని కొందరూ, ఉత్తర ఐరోపా భాషల్లోని కిట్లా, కిట్సెల్న్ వంటి మాటల్లో హల్లులు తారుమారై ఏర్పడిందని మరికొందరూ అంటారు; రెండో తీరు మార్పును తెలుగు వ్యాకరణం వర్ణవ్యత్యయం అంటుంది. ఆ మాట పుట్టిన కొద్దికాలానికే చర్మాన్ని దాటి మనసులోకి ప్రవేశించింది. చాసర్ కాంటర్‌బరీ కథల్లో బాత్ నగరపు గృహిణి తన పడుచుదనాన్ని తలచుకుని మురిసేటప్పుడు ఆ తలపు గుండె మూలాన్ని గిలిగింతలు పెడుతున్నట్టుగానే మాట్లాడుతుంది. తెలుగులోనూ మనసుకు గిలిగింతలు పెట్టే కవిత్వం, కితకితలు పెట్టే హాస్యం అనే వాడుకలు పత్రికల్లో నిత్యం కనిపిస్తాయి, 2006లో ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన హాస్యచిత్రానికి ‘కితకితలు’ అన్నదే పేరు. హాస్యానికీ కితకితకూ మధ్య ఇంత సులువుగా కుదిరిన ఈ చుట్టరికం నిజమైనదా, పైపై పోలికా అన్న ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రం చాలా శ్రమపడింది; దాని జవాబు కొంచెం ఆశ్చర్యకరంగానే ఉంటుంది.

రెండు రకాల గిలికి రెండు పేర్లు పెట్టినవారు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు స్టాన్లీ హాల్, ఆర్థర్ ఆలిన్. 1897లో చక్కిలిగింత, నవ్వు, హాస్యాల మనస్తత్వాన్ని గురించి రాసిన దీర్ఘవ్యాసంలో, పాకే పురుగు పుట్టించే తేలికపాటి గిలికి నిస్మెసిస్ అనీ, గట్టిగా గుచ్చి నవ్వించే దానికి గార్గలెసిస్ అనీ గ్రీకు ధాతువులతో పేర్లు కల్పించారు. తెలుగులో ఇటువంటి విభజన కావాలనుకుంటే కొత్త మాటలు పుట్టించనక్కరలేదు. మొదటిదానికి గిలి, రెండోదానికి కితకిత అని స్థిరపరచుకుంటే చాలు, ఈ అధ్యాయంలో ఇకపై పాటించేది ఆ పద్ధతినే. గిలి పుట్టడానికి మనిషి అక్కరలేదు, దారప్పోగు చాలు. ఈగ వాలిన గుర్రం, ఆవు చర్మాన్ని జలదరించి విదిలించుకోవడం కూడా గిలికి ప్రతిక్రియే. తన వేలితో తానే పెదవి మీదో ముక్కు కొన మీదో మెల్లగా రాసుకుని చూస్తే గిలి ఎంతో కొంత కలుగుతుంది. కితకిత అలా కాదు, అది కొన్ని చోట్లే పలుకుతుంది, దానికి కొంత ఒత్తిడి కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా రెండో మనిషి కావాలి.

నాడుల స్థాయిలో గిలి గురించి తెలిసినంత కితకిత గురించి తెలియదు. స్వీడన్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఇంగ్వె జోటర్‌మన్ 1939లో పిల్లుల చర్మనాడుల్లోని విద్యుత్ సంకేతాలను నమోదు చేస్తూ, నొప్పిని మోసే అతి సన్నని, మందగమనపు నాడీతంతువుల్లో కొన్ని సుతారమైన నిమురుడుకు కూడా స్పందిస్తున్నాయని గుర్తించి, గిలి ఆ దారినే ప్రయాణిస్తుందని సూచించాడు. భరించలేని నొప్పితో బాధపడే రోగులకు వెన్నుపాములో నొప్పి సంకేతాలు పైకి వెళ్లే ముందు పక్క దారిని కత్తిరించే శస్త్రచికిత్స ఒకటి ఉంది. అది జరిగాక ఆ భాగంలో నొప్పి, వేడి, చలితో పాటు దురదా గిలీ కూడా మాయమవుతాయి, సూక్ష్మమైన స్పర్శజ్ఞానం మాత్రం చాలావరకు మిగులుతుంది. గిలికి స్పర్శతో కంటే నొప్పితో, దురదతో దగ్గరి బంధుత్వం ఉందని చెప్పడానికి ఇది బలమైన సాక్ష్యం. గిలి, జిల, దురద, మంట అనే మాటలను తెలుగువారు ఒకదాని పక్కన ఒకటి పెట్టి వాడుకోవడంలో అసంగతమేమీ లేదన్నమాట.

కితకిత విషయంలో అసలు చిక్కుముడి తెలుగు క్రియాపదంలోనే కనిపిస్తుంది. కితకితలు ‘పెట్టడం’ అంటారు. ముద్దు పెట్టడం, బొట్టు పెట్టడం, అన్నం పెట్టడం వంటి ప్రయోగాల వరసలోదే ఇది. ఇచ్చేవారు ఒకరు, పుచ్చుకునేవారు మరొకరు. ఎవరి బొట్టు వారు పెట్టుకోవచ్చు, ఎవరి అన్నం వారు పెట్టుకోవచ్చు, కానీ ఎవరికి వారు కితకితలు పెట్టుకున్నారన్న వాక్యం వ్యాకరణానికి లొంగుతుంది గాని శరీరానికి లొంగదు. అరిస్టాటిల్ పేరున చెలామణి అవుతున్న ‘సమస్యలు’ అనే గ్రీకు గ్రంథం, తనకు తాను కితకితలు పెట్టుకోవడం ఎందుకు సాధ్యం కాదని సూటిగా అడిగి, ముందే తెలిసిన స్పర్శ మందగిస్తుందన్న అర్థమిచ్చే జవాబు చెప్పింది. ఆ జవాబును ప్రయోగశాలలో పరీక్షించడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది.

1971లో లారెన్స్ వైస్‌క్రాంట్జ్, ఇద్దరు సహచరులు అరికాలిని గీరే ఒక చిన్న యంత్రాన్ని తయారు చేశారు. మీటను ప్రయోగకర్త కదిపితే కితకిత పూర్తిగా కలిగింది. అరికాలి యజమానే కదుపుకుంటే బాగా తగ్గింది. మీట ప్రయోగకర్త చేతిలోనే ఉండి, యజమాని చేయి దాన్ని పట్టుకుని ఊరికే వెంట కదిలితే ఫలితం ఈ రెంటికీ మధ్యన నిలిచింది. చేయి కదులుతోందన్న సమాచారం ఒక్కటే చాలదనీ, కదలమన్న ఆజ్ఞ లోపలి నుంచి బయలుదేరడం ముఖ్యమనీ దీన్నిబట్టి ఊహించారు. మెదడు కండరానికి ఆజ్ఞ పంపేటప్పుడే దాని నకలు ఒకటి ఇంద్రియ విభాగాలకు చేరుతుందన్న భావన 1950 నాటికే శాస్త్రలోకంలో ఉంది. కళ్లు తిప్పినప్పుడు లోకం తిరుగుతున్నట్టు కనిపించకపోవడానికి కారణం ఆ నకలేనని జర్మనీలో ఎరిక్ ఫాన్ హోల్స్ట్, హోర్స్ట్ మిట్టెల్‌స్టెట్, అమెరికాలో రోజర్ స్పెర్రీ ఒకే కాలంలో ప్రతిపాదించారు.

లండన్‌లో శారా-జేన్ బ్లేక్‌మోర్, డేనియల్ వోల్పర్ట్, క్రిస్ ఫ్రిత్ 1998లో ఈ ఊహను మెదడు చిత్రాలతో పరీక్షించారు. ఇతరులు గీరినప్పుడు కంటే తానే గీరుకున్నప్పుడు స్పర్శను గ్రహించే మస్తిష్క వల్కలంలో చలనం తక్కువగా ఉంది, కదలికల ఫలితాన్ని ముందుగా లెక్కగట్టే చిన్నమెదడు ఆ తగ్గింపులో పాలుపంచుకుంటున్నట్టు కనిపించింది. ఆ మరుసటి ఏడాది ప్రచురించిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. పాల్గొన్నవారు ఎడమచేత్తో ఒక యంత్రపు పిడిని కదుపుతారు. ఆ కదలికను అందుకున్న రెండో యంత్రం కుడి అరచేతి మీద మెత్తటి స్పాంజి ముక్కను అదే తీరున కదుపుతుంది. కదలికకూ తాకిడికీ మధ్య ఎడం లేనప్పుడు అది చప్పగా తోచింది. యంత్రంలో రహస్యంగా ఆలస్యం చొప్పించి, సెకనులో పదోవంతు, ఐదోవంతు, 300 మిల్లీసెకన్లు అని పెంచుతూపోతే గిలి కూడా పెరుగుతూపోయింది. చేయి ఒక దిశలో కదిలితే స్పాంజి మరో దిశలో కదిలేటట్టు మార్చినా ఇదే జరిగింది. పెట్టేదీ పెట్టించుకునేదీ ఒకే మనిషి అయినా, ఊహించిన క్షణమూ దారీ తప్పేసరికి శరీరం ఆ తాకిడిని పరాయిదిగా లెక్కించింది. స్కిజోఫ్రీనియా వల్ల లేని మాటలు వినిపించేవారిలోనూ, తమ కదలికలను మరెవరో నడిపిస్తున్నారని భావించేవారిలోనూ జరిపిన ప్రయోగంలో, సొంత తాకిడీ పరుల తాకిడీ ఒకేలా తోచాయని అదే బృందం 2000లో తెలిపింది. తన చేతనూ పరుల చేతనూ వేరుచేసే ఏర్పాటు దెబ్బతిన్నప్పుడు దాని ప్రభావం కితకితలోనూ కనిపించడం గమనించదగిన విషయం.

ఊహకు అందకపోవడమే కితకితకు మూలమైతే, ముందే చెప్పి పెట్టే కితకితకు నవ్వు రాకూడదు, కానీ వస్తుంది. తెలుగు ఇళ్లలో పసిపిల్లలతో ఆడే అరచేతి ఆట దీనికి చక్కని నిదర్శనం. పిల్లవాడి అరచేతిని పళ్లెంగా భావించి, అందులో పప్పూ నెయ్యీ కలిపినట్టు నటించి, ఒక్కొక్క వేలికీ ఒక్కొక్క ముద్ద పంచి, ఆపైన అత్తవారింటికి దారి వెతుకుతూ రెండు వేళ్లను మణికట్టు మీదుగా, మోచేతి మీదుగా మెల్లగా నడిపించుకుంటూ చంక దాకా తీసుకువెళ్తారు. ఆ దారి చివర ఏముందో రెండోసారి ఆడేనాటికే పిల్లవాడికి తెలుసు, అయినా వేళ్లు మోచేయి దాటకముందే భుజం ముడుచుకుని కిలకిల మొదలుపెడతాడు. జరగబోయేది తెలుసు గాని ఏ క్షణాన జరుగుతుందో తన అదుపులో లేదు, ఆటలోని రసమంతా ఆ జాగులోనే ఉంది. కితకిత పెట్టబోతున్నారని ఎదురుచూస్తున్న దశలోనే, ఇంకా ఏదీ తాకకముందే, మెదడులోని స్పర్శ వల్కలం తాకినప్పటి తీరులోనే చలిస్తుందని స్వీడన్ పరిశోధకులు 2000లో ప్రచురించిన మెదడు చిత్రాల అధ్యయనం చూపింది. అరచేతి ఆటను కల్పించిన అమ్మమ్మలకు వల్కలం సంగతి తెలియకపోయినా దాని పనితీరు మీద పట్టు ఉంది.

ఇక నవ్వు సంగతి. డార్విన్ 1872లో భావోద్వేగాల వ్యక్తీకరణ మీద వెలువరించిన పుస్తకంలో, హాస్యం మనసుకు పెట్టే చక్కిలిగింత వంటిదన్న భావాన్ని ప్రస్తావించి, రెండింటికీ మనసు ముందుగా ఉల్లాసంగా ఉండాలని రాశాడు; ముక్కూమొహం తెలియని మగవాడు చక్కిలిగింతలు పెడితే పసివాడు నవ్వడనీ, భయంతో కేకలు పెడతాడనీ ఉదాహరణ ఇచ్చాడు. మరుసటి ఏడాది జర్మన్ వైద్యుడు ఎవాల్డ్ హెకర్ కూడా ఇదే బాటలో వాదించాడు. ఇద్దరి పేర్లూ కలిసి ఇది డార్విన్–హెకర్ ప్రతిపాదనగా నిలిచింది. ఇది నిజమైతే, హాస్యచిత్రం చూసి నవ్వి ఉన్న మనిషికి కితకితలు పెట్టినప్పుడు మరింత నవ్వు రావాలి, ఎందుకంటే జోకుల విషయంలో అలాగే జరుగుతుంది. కాలిఫోర్నియాలో క్రిస్టీన్ హారిస్, నికొలాస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 1997లో అదే పరీక్షించారు; హాస్యం కితకితను పెంచలేదు, కితకిత హాస్యాన్నీ పెంచలేదు. అదే ఇద్దరూ 1999లో మరో చిన్న మాయ చేశారు. కళ్లకు గంతలు కట్టుకున్నవారి అరికాళ్లకు ఒకసారి మనిషి, మరోసారి యంత్రపు చేయి కితకితలు పెడతాయని చెప్పారు. నిజానికి రెండుసార్లూ పెట్టింది బల్ల చాటున దాక్కున్న మనిషే, యంత్రం మోత మాత్రమే చేసింది. యంత్రమేనని నమ్మినవారు కూడా మనిషి పెట్టినప్పుడు నవ్వినంతగానే నవ్వారు. కితకితల నవ్వు స్నేహం నుంచి పుడుతుందన్న నమ్మకాన్ని ఈ ఫలితం బాగా సడలించింది. ఎదుట మనిషే ఉండనక్కరలేదు, తన అదుపులో లేని తాకిడి ఉంటే చాలు. అయితే ప్రయోగశాలలో భయం లేదు, పాల్గొన్నది పెద్దవాళ్లు, అందరూ ఒప్పుకుని కూర్చున్నవాళ్లే. డార్విన్ చెప్పిన పసివాడి పరిస్థితి అక్కడ లేదన్నది మరువరాదు.

ఈ నవ్వు నేర్చుకున్నదా, పుట్టుకతో వచ్చినదా అన్న ప్రశ్నకు క్లారెన్స్ లూబా అనే అమెరికన్ ఆచార్యుడు సొంత ఇంటినే ప్రయోగశాలగా మార్చాడు. పసివాడికి ఎవరూ నవ్వుతూ కితకితలు పెట్టకూడదని కట్టడి చేసి, ముఖకవళికలు కనిపించకుండా అట్టముసుగు తొడుక్కుని, నియమిత సమయాల్లో తానే కితకితలు పెట్టేవాడు. తల్లి ఒకనాడు స్నానం చేయించాక మైమరచి బిడ్డను ఎగరేసి ఆడించి నియమం తప్పింది. ఏ ఇల్లాలైనా అంతే చేస్తుంది. అయినా ఏడో నెల నాటికి పిల్లవాడు కితకితలకు నవ్వనే నవ్వాడు, తర్వాత పుట్టిన చెల్లెలి మీద మరింత కట్టుదిట్టంగా జరిపిన పరిశీలన కూడా అదే తేల్చింది. ఈ పరిశీలనలను లూబా 1941లో ప్రచురించాడు. ఇద్దరు పిల్లల మీద, అందులోనూ సొంత పిల్లల మీద జరిగినది కాబట్టి దీన్ని తుదితీర్పుగా తీసుకోవడానికి వీల్లేదు గాని, ఈ నవ్వు అనుకరణతో అబ్బినది కాదనే పక్షానికి అది మొగ్గు చూపింది.

బలమైన సాక్ష్యం జంతువుల నుంచి వచ్చింది. చర్మం పలచన కావడం వల్లనూ, నవ్వే జీవి తానొక్కటే కావడం వల్లనూ మనిషికి మాత్రమే చక్కిలిగింత ఉందని అరిస్టాటిల్ రాశాడు; ఆయన పొరబడ్డాడు. చింపాంజీ పిల్లలు చక్కిలిగింతలకు నవ్వు వంటి ధ్వనులు చేస్తాయని డార్విన్ కాలానికే తెలుసు. మరీనా డావిలా రాస్ బృందం 2009లో ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, బోనోబో పిల్లలకూ మానవశిశువులకూ కితకితలు పెట్టినప్పుడు వెలువడే ధ్వనులను నమోదు చేసి, వాటి పోలికలను బట్టి వంశవృక్షం గీస్తే, అది జన్యువులు చూపే వంశవృక్షంతో సరిపోయింది. అంటే ఈ నవ్వుకు మూలం అందరికీ పూర్వీకమైన, కనీసం కోటి సంవత్సరాలకు పూర్వపు వానరంలో ఉంది.

ఎలుకల కథ ఇంకా విచిత్రం. అమెరికాలోని ఒహాయోలో యాక్ పాంక్‌సెప్, జెఫ్రీ బర్గ్‌డార్ఫ్ 1990ల చివర్లో చిన్నవయసు ఎలుకలను వెల్లకిలా తిప్పి వేళ్లతో ఆడించినప్పుడు, అవి 50 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కిచకిచలాడుతున్నట్టు కనుగొన్నారు. మనిషి చెవికి 20 కిలోహెర్ట్జ్ పైన ఏదీ వినిపించదు కాబట్టి, అతిధ్వనులను పసిగట్టే పరికరం లేకపోతే ఆ గది నిశ్శబ్దంగానే ఉన్నట్టు తోస్తుంది. ఆ ధ్వనులు ఎలుకలు తమలో తాము ఆడుకునేటప్పుడు చేసేవే, పైగా కితకితలు పెట్టిన చేతి వెంట అవి మళ్లీ మళ్లీ పరుగెత్తాయి. బెర్లిన్‌లో షింపై ఇషియామా, మైకేల్ బ్రెష్ట్ 2016లో మరో అడుగు వేసి, ఎలుక మెదడులో మొండెపు స్పర్శను గ్రహించే చోట కితకితలకు చురుగ్గా స్పందించే నాడీకణాలు ఉన్నాయనీ, చేతిని తరుముతూ ఆడేటప్పుడు తాకిడి లేకపోయినా అవే కణాలు స్పందిస్తున్నాయనీ చూపారు. ఎలుకను ఎత్తైన పీట మీద, బెదరగొట్టే గట్టి వెలుతురులో నిలబెట్టి కితకితలు పెడితే మాత్రం కిచకిచా తగ్గింది, కణాల స్పందనా తగ్గింది. డార్విన్ పసివాడి గురించి చెప్పిన మాట ఎలుక పట్ల కూడా నిజమైంది. కితకిత తాకిడి మాత్రమే కాదనీ, ఆటలో ఒక అంగమనీ అనడానికి ఇంతకంటే సూటియైన ఆధారం దొరకదు. 2023లో అదే ప్రయోగశాల నడిమెదడులోని ఒక ప్రాచీన భాగాన్ని అణచినప్పుడు ఎలుకల్లో ఆటా కితకితా రెండూ తగ్గడం గమనించింది.

ఏ ప్రయోజనం కోసం ఈ ఏర్పాటు నిలిచిందన్నదాని మీద పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. మెడ, డొక్క, పొట్ట వంటి కితకితల చోట్లన్నీ దెబ్బ తగిలితే ప్రమాదమైనవే కాబట్టి, వాటిని కాచుకోవడం పిల్లలు ఆటలోనే నేర్చుకుంటారని ఒక వాదం. నవ్వు ఎదుటివారిని కొనసాగించమని ప్రోత్సహిస్తుంది, మెలికలు తిరిగే ఒళ్లు తప్పించుకోవడం సాధన చేస్తుంది. రెండూ కలిస్తే కుస్తీ అభ్యాసం వినోదంగా నడుస్తుందని హారిస్ వివరించారు. అరికాలు విషయంలో ఈ వాదం కుంటుతుంది. ఏమైనా ఒక అంశం మాత్రం స్పష్టం: ఈ నవ్వు సుఖానికి కొలమానం కాదు. నవ్వుతున్నవారిలో చాలామందికి అది ఇష్టం ఉండదు, ఆపమని వేడుకుంటూనే నవ్వుతారు. పదిహేడో శతాబ్దపు జర్మన్ నవల ‘సింప్లిసిస్సిముస్’లో సైనికులు ఒక రైతు అరికాళ్లకు ఉప్పు పూసి మేకచేత నాకించి సొమ్ము దాచిన చోటు చెప్పించే ఘట్టం ఉంది, అది కల్పనే అయినా, నవ్వుతూనే హింస అనుభవించడం సాధ్యమని ఆనాటి పాఠకుడికి నచ్చచెప్పనక్కరలేకపోయింది. పిల్లవాడు నవ్వుతున్నాడు కదా అని చేయి ఆపని పెద్దలకు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

తనకు తాను పెట్టుకోలేకపోవడం మీద బ్రెష్ట్ బృందం 2022లో ప్రచురించిన మరో అధ్యయనం, ముందస్తు లెక్క సిద్ధాంతానికి ఒక పోటీ వివరణను తెచ్చింది. కితకిత మొదలైన సుమారు 300 మిల్లీసెకన్లకు ముఖం, ఊపిరి మారతాయని, దాదాపు 500 మిల్లీసెకన్లకు నవ్వు వినిపిస్తుందని కొలిచాక, వారు మరొకటి గమనించారు: ఎదుటివారు కితకితలు పెడుతున్న వేళ, అదే మనిషి తన ఒంటిని తాను తాకుతూ ఉంటే, పరుల కితకిత కూడా సన్నగిల్లుతోంది. పరుల చేతి కదలికను ముందే లెక్కగట్టడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, సొంత స్పర్శ సాగుతున్నంతసేపు మెదడు కితకితను మొత్తంగానే అణచి ఉంచుతుందని వారి అభిప్రాయం. పొట్ట నొక్కి చూడబోతే మెలికలు తిరిగిపోయే రోగి విషయంలో వైద్యులు చాలాకాలంగా పాటిస్తున్న ఉపాయం ఈ రెండు వివరణల్లో దేనితోనైనా పొసగుతుంది: రోగి అరచేతినే ముందుగా పొట్ట మీద ఆనించి, దాని మీద తన చేయి వేసి నొక్కితే, కండరాలు బిగుసుకోవు, నవ్వు రాదు, పరీక్ష నిరాటంకంగా సాగిపోతుంది.